చాట్స్‌వర్త్ పార్కులో నడక: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ బస చేయాలి

ఇంగ్లండ్‌లోని డార్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు తూర్పు అంచున ఉంది చాట్స్‌వర్త్, పాత భవనం, దాని చుట్టూ పార్కు ఉన్న పెద్ద ఎస్టేటు. డెవన్‌షైర్ డ్యూకుల వంశానిది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది భవనానికి టికెట్ కొని, లోపల మూడు గంటలు గడిపి, కారెక్కి వెళ్లిపోతారు. భవనం చూడదగ్గదే. కానీ దాని చుట్టూ ఉన్న సుమారు వెయ్యి ఎకరాల పచ్చిక మైదానం నడిచేవాళ్లకు ఏడాది పొడవునా ఉచితం. భవనానికి, తోటకు, పిల్లల ఫార్మ్‌యార్డ్‌కు, కారు పార్కింగ్‌కు మాత్రమే డబ్బు కట్టాలి. ఒక్కరోజే ఉంటే, ఆ రోజు ఎండ కాస్తుంటే, భవనం వదిలేసి నడక పెట్టుకోండి.

నడక బాగుండటం, విసుగెత్తడం మొదలుపెట్టే చోటును బట్టే ఉంటుంది. భవనం పక్కనున్న పార్కింగ్ అందరికీ తెలిసినది, అందుకే రద్దీ కూడా అక్కడే. పైగా ఊరించి ఊరించి కనబడాల్సిన భవనం అక్కడ కారు దిగగానే ఎదురుగా నిలబడుతుంది. ఉత్తరాన బాస్లో ఊరి నుంచి వస్తే ఆ తొందర ఉండదు.

బాస్లోలో నెదర్ ఎండ్ అనే చోట డబ్బు కట్టే కార్ పార్క్ ఉంది, బస్సులూ అక్కడే ఆగుతాయి. అక్కడి నుంచి చిన్న వాగు మీది వంతెన దాటి, గడ్డి కప్పు ఇళ్ల పక్కగా సాగే బాట పట్టాలి. కాసేపటికి గుండ్రని ఇనుప గేటు వస్తుంది. ఇంగ్లండ్ పల్లెల్లో కనబడే మామూలు కిస్సింగ్ గేటులో మనిషి ఒదిగి ఒదిగి దూరాలి, ప్రామ్ (పసిపిల్లల తోపుడుబండి) పట్టదు. ఇక్కడిది వీల్‌చైర్ కూడా పట్టేంత పెద్దది, లోపల నిలబడి గేటును తిప్పుకుంటూ అవతలికి వెళ్లొచ్చు. అది దాటాక భవనం దాకా సుమారు రెండున్నర కిలోమీటర్లు, దాదాపు సమతలం. గట్టి బాట కాబట్టి చిన్నపిల్లలున్నా, మోకాళ్ల నొప్పులున్నా ఇబ్బంది పడకుండా ముప్పావు గంటలో చేరొచ్చు. భవనం దగ్గరపడ్డాక కుడివైపు డెర్వెంట్ నది పక్కన ఎత్తుగా కట్టిన రాతి చదరం ఒకటి ఉంటుంది, పేరు క్వీన్ మేరీస్ బవర్. స్కాట్లండ్ రాణి మేరీ బందీగా ఉన్న ఏళ్లలో ఆమెను పలుమార్లు చాట్స్‌వర్త్‌లో ఉంచారు. ఆ పేరు అలా వచ్చిందే.

ఇక్కడి నేల సహజంగా ఏర్పడిందని అనిపిస్తుంది కానీ, చాలావరకు మనిషి తీర్చినదే. 1750ల చివర, 1760లలో నాలుగో డ్యూక్ కోసం లాన్సెలాట్ బ్రౌన్, అందరూ కేపబిలిటీ బ్రౌన్ అనే ఆయన, ఈ మైదానాన్ని మలిచాడు. చెట్లను ఎక్కడ గుంపుగా పెట్టాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అన్నది ఆయన లెక్క. నది మీది మూడు కమానుల వంతెన జేమ్స్ పెయిన్ అనే వాస్తుశిల్పి రూపొందించినది. భవనం ఫొటోకు ఈ వంతెన పశ్చిమ కొసే సరైన చోటు. మధ్యాహ్నం దాటాక వెళ్లండి. భవనం ముఖం పడమరకు ఉంది కాబట్టి పొద్దున పూట నీడలో ఉంటుంది.

వంతెన దాటాక రెండు దారులు. గుట్ట మీదుగా నేరుగా పడమరకు పోతే పది పన్నెండు నిమిషాల్లో ఒక పల్లె వస్తుంది. బోర్డు మీద ఎడెన్సార్ అని రాసి ఉన్నా పలకడం మాత్రం ‘ఎన్జర్’ అనే. బస్సు డ్రైవర్‌ను అడగాల్సి వస్తే ఇది గుర్తుంచుకోండి. నది వైపున్న పాత ఊరిని తీసేసి, ఆరో డ్యూక్ కాలంలో, 1840 ప్రాంతంలో, ఆయన తోటల పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ పర్యవేక్షణలో ఇప్పుడున్నచోట కొత్తగా కట్టారు. ఏ రెండు ఇళ్లూ ఒక్కలా ఉండవు. పాత ఊరి ఇల్లు ఒక్కటి మాత్రం రోడ్డుకు అవతల, చుట్టూ గోడతో, ఒంటరిగా మిగిలిపోయింది. చర్చి వెనక వాలులోని శ్మశానంలో పాక్స్‌టన్ సమాధి ఉంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు కాథ్లీన్ సమాధీ అక్కడే. 1963 జూన్‌లో కెనెడీ ఇక్కడికి వచ్చి వెళ్లాడు.

రెండో దారి, నది పడమటి గట్టు వెంట దక్షిణానికి. కాల్టన్ లీస్ దాకా దాదాపు రెండు కిలోమీటర్లు, అంతా గడ్డి నేల. ఈ పార్కులో అన్నిటికన్నా అందమైన ముక్క ఇదే. దారిలో పాడుబడిన పిండిమర ఒకటి వస్తుంది. దాని నమూనా కూడా పెయిన్‌దే. 1950ల దాకా తిరిగింది, 1962 తుపానులో చెట్లు కూలి మీద పడ్డాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రెండు వైపులా గడ్డి మీదకు చూడండి. నేల అలలు అలలుగా లేచి కనిపిస్తుంది. అవి మధ్యయుగంలో ఎద్దుల నాగళ్లు వేసిన చాళ్ల గుర్తులు. తర్వాత పచ్చిక వేసి ఎవరూ దున్నలేదు కాబట్టి చెరిగిపోలేదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఇవేవీ కనబడవు.

ఇదంతా కలిపి ఒక చుట్టు వేయాలంటే కాల్టన్ లీస్ కార్ పార్క్ నుంచి మొదలుపెట్టి, నది వెంట వంతెనకు, అక్కడి నుంచి ఎన్జర్‌కు, చర్చి పైనుంచి న్యూ పీస్ వుడ్ అడవి అంచుకు, కాల్టన్ పాశ్చర్స్ మీదుగా వెనక్కి రావచ్చు. ఏడెనిమిది కిలోమీటర్లు, మూడు గంటలు పెట్టుకోండి. ఎక్కుడు ఒక్కటే, ఎన్జర్ దాటాక. అది ఎక్కి వెనక్కి తిరిగితే భవనం, నది, వెనక అడవి కొండ ఒకే చూపులో వస్తాయి. పచ్చిక దాటేచోట దారి తప్పేవాళ్లు ఎక్కువ. గడ్డిలో గొర్రెల బాటలు కూడా మనుషుల బాటల్లాగే ఉంటాయి. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాళ్ల ఓఎల్ 24 మ్యాప్ దగ్గరుంచుకోండి, అందులో ఆకుపచ్చ గీతలే హక్కున్న కాలిబాటలు. ఫోన్ మ్యాప్ మీదే ఆధారపడితే ముందే దించి పెట్టుకోండి, లోయల్లో సిగ్నల్ పడిపోతుంది.

భవనం వెనక కొండ మీది స్టాండ్ వుడ్‌లో నడవడం కూడా ఉచితమే, కానీ దీన్ని తేలిక నడక అనలేం. వంద మీటర్లకు పైగా ఎక్కాలి, మెట్ల దారి నిటారుగా ఉంటుంది. ఓపిక తక్కువైతే చుట్టు తిరిగే బండిదారి పట్టండి. పైన 1580ల నాటి హంటింగ్ టవర్ ఉంది, దాని వెనక చెరువులు. ఒక చెరువు పేరు ఎంపరర్ లేక్. కింద తోటలోని ఫౌంటెన్‌కు నీళ్లు ఇక్కడి నుంచే పోతాయి, మోటారు లేదు. 1844లో రష్యా జార్ వస్తాడని కట్టించిన ఆ ఫౌంటెన్ ధార 90 మీటర్ల దాకా లేవగలదు. జార్ మాత్రం రాలేదు. చెరువు ఎంత ఎత్తున ఉందో కాళ్లతో తెలుసుకున్నాక ఆ ధార ఎందుకంత లేస్తుందో అర్థమవుతుంది.

వానాకాలమంటూ విడిగా లేని దేశం కాబట్టి బురద ఎప్పుడైనా ఉంటుంది. దారి పొడుగునా కాదు, గేట్ల దగ్గరే, ఎందుకంటే గొర్రెలూ మనుషులూ ఒకేచోట తొక్కుతారు. చీలమండ దాటే, నీళ్లు పట్టని బూట్లు వేసుకోండి, స్పోర్ట్స్ షూ మొదటి గేటు దగ్గరే తడిసిపోతుంది. రెండు రోజులు గట్టిగా కురిస్తే డెర్వెంట్ గట్టు దాటి పచ్చిక మీదకు వస్తుంది. అప్పుడు కాల్టన్ లీస్ వైపు పెట్టుకోకుండా బాస్లో వైపు బాట చూసుకోండి. పార్కులోకి వచ్చే రోడ్లకు అడ్డంగా ఇనుప కమ్ముల కాటిల్ గ్రిడ్‌లు ఉంటాయి. పిల్లలను వాటి మీద నడవనీయొద్దు, పక్కన గేటు ఉంటుంది.

జింకలు రెండు రకాలు, మన దుప్పిలా చుక్కలుండే ఫాలో డీర్, పెద్ద కొమ్ముల రెడ్ డీర్. అక్టోబర్‌లో మగవి పోట్లాటలో ఉంటాయి, జూన్‌లో తల్లులు పిల్లలను గడ్డిలో దాస్తాయి. ఈ రెండు నెలల్లో కనీసం 50 మీటర్ల దూరం పాటించండి. గడ్డిలో ఒంటరిగా పడుకున్న పిల్ల కనబడితే తప్పిపోయిందనుకుని ముట్టుకోవద్దు, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పొడవాటి గడ్డిలో, ఫెర్న్ పొదల్లో నడిచిన రోజు రాత్రి కాళ్లు, మోకాలి వెనక భాగం చూసుకోండి. ఇక్కడి పిడుదుల (టిక్స్) వల్ల లైమ్ జబ్బు రావచ్చు.

బస విషయానికొస్తే, కారు లేనివాళ్లకు బాస్లో మేలు. షెఫీల్డ్ నుంచి 218, చెస్టర్‌ఫీల్డ్ నుంచి 170 ఈ దారినే వస్తాయి. అక్కడి కావెండిష్ హోటల్ ఎస్టేటుదే, పార్కు గేటుకు దగ్గర, ధర ఎక్కువ. పార్కుకు దక్షిణాన ఉన్న బీలీ పల్లెలో డెవన్‌షైర్ ఆర్మ్స్ కూడా ఎస్టేటు సత్రమే, ప్రశాంతం, కానీ కారు లేకపోతే చిక్కుబడతారు. ఖర్చు, భోజనం, దుకాణాలు అన్నీ చూసుకుంటే పార్కుకు పడమరనున్న బేక్‌వెల్ పట్టణం సర్దుబాటుగా ఉంటుంది. సోమవారం సంత ఉంటుంది, ఆ రోజు పార్కింగ్ కష్టం. బేక్‌వెల్ నుంచి పార్కుకు నడిచే దారి ఐదు కిలోమీటర్లే అయినా మొదట్లోనే నిటారు అడవి ఎక్కాలి. మధ్యలో గోల్ఫ్ మైదానం దాటాలి, బంతులు చూసుకుని దాటండి. పెద్దవాళ్లతో వస్తే బస్సే ఎక్కండి.

తిండికి భవనం పక్కన పాత గుర్రపుసాలల్లో కెఫేలు, పిల్స్లీ ఊళ్లో ఎస్టేటు ఫార్మ్ షాప్ ఉన్నాయి. పల్లె పబ్బుల్లో వంటగది మధ్యాహ్నం భోజనం తర్వాత మూసి సాయంత్రమే తెరుస్తారు, ఆ మధ్య గంటలకు చేతిలో ఏదైనా పెట్టుకోండి. క్రిస్మస్ ముందు వారాల్లో కార్లు బారులు తీరతాయి, ఆ రోజుల్లో బస్సు కూడా ఆలస్యమవుతుంది.

నడక కేవలం ప్రామ్‌తో, సైకిళ్లతో అయితే చాట్స్‌వర్త్ కన్నా నాటింగ్‌హామ్‌షైర్‌లోని క్లంబర్ పార్క్ మెరుగు. 3,800 ఎకరాలు, చెరువు చుట్టూ చదును దారి. భవనం 1938లో పడగొట్టేశారు, చూడ్డానికి నిమ్మ జాతి కాని లైమ్ చెట్ల బారు ఉంది, మూడు కిలోమీటర్ల పొడవున. పాత కట్టడాలను, ప్రకృతి స్థలాలను కాపాడే సేవాసంస్థ నేషనల్ ట్రస్ట్‌ది, కారుకు రుసుము ఉంది.

డిసెంబర్‌లో చాట్స్‌వర్త్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది. పెద్ద చుట్టు వేయాలనుకుంటే పదకొండుకల్లా మొదలుపెట్టండి. తిరుగు బస్సు చివరి టైము బయలుదేరే ముందే రాసి పెట్టుకోండి, సాయంత్రం బస్సులు త్వరగా ఆగిపోతాయి.