ఫుట్‌బాల్ బ్యాంక్వెట్ సామాను: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక ఊళ్ళో మా అబ్బాయిలిద్దరూ ఒకరి తర్వాత ఒకరు హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడారు. పెద్దవాడు ఫ్రెష్‌మన్‌గా, అంటే తొమ్మిదో తరగతిలో, చేరినప్పుడు బూస్టర్ క్లబ్‌లో (జట్టుకి సాయంగా తల్లిదండ్రులు నడిపే సంఘం) పేరిచ్చాను. చిన్నవాడు కాలేజీకి వెళ్ళిపోయినా బ్యాంక్వెట్ పని మాత్రం నన్ను వదల్లేదు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం చిన్నప్పుడు కాలితో తన్నిన ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే అమెరికన్ ఆట. సీజన్ అయ్యాక ఆటగాళ్ళనీ వాళ్ళ ఇళ్ళవాళ్ళనీ పిలిచి, భోజనం పెట్టి, అవార్డులిచ్చి, ఆఖరి ఏడాది చదివే సీనియర్లని సాగనంపే రాత్రిని బ్యాంక్వెట్ అంటారు. దానికోసం ఇన్నేళ్ళలో కొన్నవాటిలో, అద్దెకు తెచ్చినవాటిలో ఏవి పనికొచ్చాయో, ఏవి గరాజ్‌లో మూల పడ్డాయో రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తా. డబ్బు పెట్టాల్సింది మైకు మీద. బెలూన్ల మీద కాదు.

ఎందుకంటే ఆ రాత్రికి వచ్చిన ప్రతి కుటుంబం ఎదురుచూసేది తమవాడి పేరు కోసం. కోచ్ వాడి పేరు పిలిచి, వాడి గురించి రెండు మాటలు చెప్పాలి. ఇండియా నుంచి వచ్చిన తాతగారు ఆట రూల్స్ తెలియక సీజన్ అంతా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా, ఆ రెండు మాటలు మాత్రం వినాలనుకుంటారు. మేం బ్యాంక్వెట్ పెట్టేది స్కూల్ కెఫెటేరియాలో. కింద టైల్స్, చుట్టూ గట్టి గోడలు, పైన గంట మోగినప్పుడు ప్రకటనలకి పనికొచ్చే చిన్న స్పీకర్లు. వాటితో మాట్లాడితే వెనక వరసల్లో గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. మా ఏర్పాటు రెండు చేతి వైర్‌లెస్ మైకులు, స్టాండ్ మీద నిలబెట్టే పవర్డ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉండేవి) రెండు. ఒకటి స్టేజీ పక్కన, రెండోది హాలు మధ్యలో గోడవారగా. స్టాండు మనుషుల తలల కంటే ఎత్తులో ఉండాలి. బల్ల మీద పెడితే ముందు వరసవాళ్ళ చెవులు మోగుతాయి, వెనకవాళ్ళకి ఏమీ రాదు. కాలరుకి తగిలించే మైకు కూడా వాడి చూశాం. కోచ్ ప్రతి కుర్రాణ్ణీ గుండెలకి హత్తుకుంటాడు, ప్రతిసారీ మైకు చొక్కాకి రాసుకుని బరబరమంటుంది. అందుకే చేతి మైకే. వైరు మైకు ఒకటి స్టేజీ మీద అత్యవసరానికి ఎప్పుడూ ఉంటుంది. అన్నేళ్ళలో దాని అవసరం పడింది, కొన్నందుకు చింత లేదు.

పాత మైకు సెట్టు ఎవరైనా ఉచితంగా ఇస్తామంటే ఒక్క విషయం చూసుకోండి. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ పరిధిలో చాలా భాగాన్ని రేడియో తరంగాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ సెల్ కంపెనీలకి ఇచ్చేసింది. 2020 జూలై నుంచి ఆ భాగంలో వైర్‌లెస్ మైకులు వాడకూడదు. చర్చిలో, కమ్యూనిటీ హాల్లో మూలపడ్డ పాతవి చాలావరకు ఆ కోవకి చెందేవే. మైకు సిగ్నల్ అందుకునే రిసీవర్ పెట్టె వెనక లేబుల్ మీద ఫ్రీక్వెన్సీ రాసి ఉంటుంది, చదివాకే ఇంటికి తెచ్చుకోండి. ఈ మైకు సెట్టుకి నా మార్కులు అయిదుకి అయిదు. కొత్త డబుల్ ఎ బ్యాటరీలు మాత్రం ఆ రోజు సాయంత్రమే వేయాలి, పిల్లల ఆట రిమోట్లలోంచి పీకి తెచ్చినవి కాదు.

మైకు ఎంత బాగున్నా సమయం లెక్క తప్పితే పని జరగదు. మా స్కూలు 6ఏ, అంటే టెక్సాస్‌లో అన్నిటికన్నా పెద్ద స్కూళ్ళ తరగతి. వర్సిటీ (స్కూలు ప్రధాన జట్టు), జేవీ (దాని కింది జట్టు), ఫ్రెష్‌మన్ జట్లు కలిపితే నూట యాభై మందికి పైనే కుర్రాళ్ళు. ఒక్కొక్కరికి ముప్పై సెకన్లిచ్చినా డెబ్బై అయిదు నిమిషాలు పేర్లకే పోతాయి. మేజర్ అవార్డుల దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లలు బల్లల కింద నిద్రపోతుంటారు. అందుకే ఫ్రెష్‌మన్, జేవీ వాళ్ళకి వేరే రోజు సాయంత్రం జిమ్‌లో పిజ్జా, డెజర్ట్, సర్టిఫికెట్లతో ముగించేస్తాం. పెద్ద రాత్రి వర్సిటీకే. హెడ్ కోచ్ అందరి గురించీ మాట్లాడకుండా ఏ పొజిషన్‌కి ఆ పొజిషన్ కోచ్ తన కుర్రాళ్ళని తానే పిలుస్తాడు. వాళ్ళని రోజూ చూసేది ఆయనే కాబట్టి మాటలు కూడా నిజంగా ఉంటాయి. ఒక డిఫెన్సివ్ లైన్ కోచ్, సీజన్‌లో ఒక్క మ్యాచ్‌లోనూ దిగని కుర్రాడి గురించి, మంగళవారం ప్రాక్టీసులో వీడే మా స్టార్టర్లకి, అంటే మ్యాచ్‌లో ముందుగా దిగేవాళ్ళకి, చెమటలు పట్టించాడని చెప్పినప్పుడు ఆ తండ్రి ముఖం చూడాలి. ఈ పద్ధతికి ఖర్చు సున్నా. కోచ్‌లకి పేర్ల జాబితా వారం ముందే ఇచ్చి, పలకడం కష్టమైన పేర్ల పక్కన ఎలా పలకాలో రాయించాలి. మన తెలుగు ఇంటిపేర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

తేదీ సంగతి తలనొప్పే. ప్రాక్టీసు ఆగస్టులో మొదలవుతుంది, మామూలు సీజన్ నవంబరు మొదట్లో ముగుస్తుంది. తర్వాత ప్రతి డిస్ట్రిక్ట్ (పోటీల కోసం కలిపిన స్కూళ్ళ గుంపు) నుంచి నాలుగు జట్లు ప్లేఆఫ్స్‌కి, అంటే ఓడితే ఇంటికెళ్ళే పోటీలకి, వెళ్తాయి. గెలిచేకొద్దీ వారం వారం పొడిగింపు, ఫైనల్స్ డిసెంబరులో ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో. కాబట్టి మన సీజన్ ఎప్పుడు ముగుస్తుందో అక్టోబరులో ఎవరికీ తెలియదు. హోటల్ హాలు అప్పుడే బుక్ చేస్తే అడ్వాన్సు పోయే ప్రమాదం. స్కూల్ కెఫెటేరియాలో ఆ టెన్షన్ లేదు. రెండు తేదీలు అట్టేపెట్టుకోవచ్చు. ఒక ఏడాది హోటల్ హాల్లో పెట్టాం. కార్పెట్ వల్ల శబ్దం బాగుంది, అది ఒప్పుకుంటా. కానీ తలకి పడిన ఖర్చు దాదాపు రెట్టింపయింది, కుర్రాళ్ళు రెండో ప్లేటు కోసం వెయిటర్‌ని వెతుక్కున్నారు. కెఫెటేరియాకే తిరిగొచ్చాం. జనవరికి మాత్రం తోయకండి. అప్పటికి సగంమంది బాస్కెట్‌బాల్, రెజ్లింగ్‌లో ఉంటారు. కోచ్‌లు కొందరు వేరే స్కూలుకి మారిపోయి ఉంటారు.

ఇక తిండి. టెక్సాస్‌లో ఫుట్‌బాల్ భోజనం అంటే బార్బెక్యూ. బ్రిస్కెట్ (ఆవు ఛాతీ మాంసం), చికెన్, సాసేజ్, బీన్స్, పొటాటో సలాడ్, పీచ్ కాబ్లర్. క్యాటరర్లు మామూలుగా మనిషికి వండిన మాంసం మూడో వంతు పౌండు లెక్క వేస్తారు. ఆఫెన్సివ్ లైన్‌లో ఆడే భారీ కుర్రాళ్ళ ముందు ఆ లెక్క నిలవదు. ఆటగాళ్ళకి అర పౌండు, ఇంటివాళ్ళకి మూడో వంతు వేసుకోండి. ఇంట్లోనే వండిస్తామని ఎవరైనా ముందుకొస్తే, పచ్చి బ్రిస్కెట్ వండేసరికి దాదాపు సగానికి తగ్గుతుందని గుర్తుచేయండి.

ఒక ఏడాది క్యాటరర్ గంట ఆలస్యంగా వచ్చాడు. మూడువందల మంది ఆకలితో కూర్చుంటే హాలు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ మరుసటి ఏడాది నుంచి తిండి మేమే వెళ్ళి తెచ్చుకుని, వేడిగా పట్టి ఉంచుకుంటున్నాం. దానికోసం కొన్నవే ఈ ఎలక్ట్రిక్ రోస్టర్లు. పద్దెనిమిది క్వార్టుల సైజు, అంటే పదిహేడు లీటర్లు. నిజానికి ఇవి థాంక్స్‌గివింగ్ టర్కీ కాల్చడానికి చేసినవి. కొంచెం రసం పోసి మూత పెడితే మాంసం గంటలకొద్దీ ఎండకుండా ఉంటుంది. లోపలి గిన్నె ఊడి వస్తుంది కాబట్టి కడగడం తేలిక. ఒకదాని డయల్ మీద అంకెలు అరిగిపోయాయి, తెల్ల మార్కర్‌తో గీతలు పెట్టుకున్నాం. అంతకుమించి రిపేరు లేదు.

దీనితో ఒక చిక్కుంది, కొనేముందు తెలియాలి. ఒక్కో రోస్టర్ 1450 వాట్లు. 120 వోల్టుల మీద అది పన్నెండు ఆంపియర్లు. గోడకున్న సాకెట్లు నాలుగు కనిపించినా అవన్నీ ఒకే ఇరవై ఆంపియర్ల సర్క్యూట్ మీద ఉండొచ్చు. రెండు రోస్టర్లు పెట్టగానే బ్రేకర్ పడిపోతుంది, పక్కనే కాఫీ కాచే పెద్ద అర్న్ ఉంటే చెప్పక్కర్లేదు. స్కూల్ భవనం చూసుకునే కస్టోడియన్‌ని ముందే కలిసి ఏ గోడ ఏ సర్క్యూట్‌దో అడిగి, టేపు అంటించి రాసుకున్నాం. ఆ సాయంత్రం అక్కడ అన్నిటికన్నా విలువైన మనిషి ఆయనే. మొదటి ప్లేటు ఆయనకే ఇవ్వండి.

కరెంటు చాలనిచోట తీగ స్టాండు, అల్యూమినియం పాన్, కింద జెల్ డబ్బా మంట. స్టాండులో పెద్ద పాన్‌లో నీళ్ళు పోసి దానిలో రెండు హాఫ్ పాన్‌లు పెట్టొచ్చు. జెల్ డబ్బాల్లో రెండు గంటలు మండేవి, వత్తితో ఆరు గంటలు మండేవి వేరువేరుగా దొరుకుతాయి. ఆరు గంటలవే తీసుకోండి, మధ్యలో మార్చడం ఒక నరకం. వేడి వంటకం 140 ఫారన్‌హీట్ డిగ్రీలకు పైన ఉండాలి, మంట లేకుండా బయట పెట్టినది రెండు గంటలకి మించి ఉంచకూడదు. పది డాలర్ల ప్రోబ్ థర్మామీటర్ ఒకటి జేబులో ఉంటే వాదనలుండవు. పొటాటో సలాడ్‌కీ ఇదే రెండు గంటల లెక్క, దాని కింద ఐసు ట్రే పెడతాం.

ప్రతి ఏడాదీ నవంబరులో ఎవరో ఒక తెలుగింటి తల్లి ఫోన్ చేస్తుంది. "అన్నా, మావాడు మొదటి ఏడాది. మేం వెజ్. రావచ్చా, అక్కడంతా బీఫేనా?" రండి అమ్మా, మీకోసమే ఒక బల్ల పెట్టాం అని చెప్పగలగడానికి నాకు కొంత కాలం పట్టింది. ఎందుకంటే బార్బెక్యూ కొట్టువాళ్ళ బీన్స్‌లో చాలాసార్లు బేకనో, బ్రిస్కెట్ ముక్కలో ఉంటాయి. గ్రీన్ బీన్స్‌లోనూ అంతే. బీన్స్ కదా శాకాహారమే అనుకుని వడ్డించొద్దు, అడగండి. మేం ఇప్పుడు ఇండియన్ రెస్టారెంటు నుంచి శనగల కూర, అన్నం హాఫ్ పాన్‌లు తెప్పిస్తాం. మొదట్లో అవి లైను ముందు పెడితే లైన్‌బ్యాకర్ కుర్రాళ్ళు వచ్చి ఊడ్చేశారు, వెజ్ కుటుంబాలు వచ్చేసరికి పాన్ అడుగు కనిపించింది. అందుకే రెండో పాన్ వంటగదిలోనే ఉంచుతాం. ఏ పాన్‌లో బీఫ్, ఏది పంది, ఏది కోడి, ఎందులో పీకన్ గింజలున్నాయో పెద్ద అక్షరాలతో కార్డులు. ముస్లిం కుటుంబాలూ, అలర్జీలవాళ్ళూ అందరికీ ఆ కార్డులే దిక్కు. బీఫ్, పంది రెండూ తిననివాళ్ళు మాలో చాలామంది కాబట్టి చికెన్‌ని పక్క వంటకంలా కాకుండా బ్రిస్కెట్‌తో సమానంగా తెప్పిస్తాం.

ఎంతమంది వస్తున్నారో తెలుసుకోవడానికి సైన్‌అప్‌జీనియస్ అనే వెబ్‌సైట్ వాడుతున్నాం. ఆటగాడి భోజనం క్లబ్‌ది, ఇంటివాళ్ళకి టికెట్టు. గుర్తుచేసే ఈమెయిల్ దానంతట అదే వెళ్తుంది, నాకు అది చాలు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ విడిగా లెక్క అడగండి, లేకపోతే నలుగురన్నవాళ్ళు ఆరుగురొస్తారు.

వీడియో గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మ్యాచ్ ఫిల్మ్ అంతా హడిల్‌లో ఉంటుంది. 2006లో నెబ్రాస్కాలోని లింకన్‌లో మొదలైన కంపెనీ అది, ఇక్కడి హైస్కూల్ కోచ్‌లందరికీ తెలుసు. దాంట్లోంచి హైలైట్లు ఏరితే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, దాన్ని పట్టుకునే రిసీవర్లే కనిపిస్తారు, ఎందుకంటే పక్కనుంచి తీసే కెమెరా బంతి వెంటే తిరుగుతుంది. ముందు వరసలో గుద్దుకునే లైన్‌మన్ తల్లి అరగంట చూసినా కొడుకు భుజం కూడా కనిపించదు. అందుకే ఎండ్ జోన్ కెమెరా ఫిల్మ్ అడిగి తీసుకుంటాం. గోల్‌పోస్టుల వెనక ఎత్తు నుంచి తీసేది. దాంట్లో ఎవడు ఎవణ్ణి ఎక్కడికి తోశాడో స్పష్టంగా కనిపిస్తుంది. స్కౌట్ టీమ్ కుర్రాళ్ళకి, అంటే ప్రాక్టీసులో ఎదుటి జట్టులా ఆడేవాళ్ళకి, మ్యాచ్ ఫిల్మే ఉండదు, వాళ్ళకి ప్రాక్టీసు ఫొటోలు. ప్రతివాడూ కనీసం ఒకసారైనా తెర మీదికి రావాలన్నది మా షరతు. జట్టు పేర్ల కాగితం పెట్టుకుని టిక్ కొడతాం. ఎనిమిది నిమిషాలు దాటితే ఎవరూ చూడరు. స్కూల్ వైఫైని నమ్ముకోకుండా వీడియో ఫైలుని లాప్‌టాప్‌లో పెట్టుకెళ్ళండి, హెచ్‌డీఎమ్ఐ కేబుల్ కూడా మీ సొంతదే తెచ్చుకోండి.

అవార్డుల షీల్డుల మీద నాకు అంత మంచి అభిప్రాయం లేదు. టెక్సాస్‌లో స్కూలు పోటీలని నడిపే యూఐఎల్ నిబంధనల్లో, విద్యార్థికి ఇచ్చే అవార్డు విలువకు హద్దుంది. ఉదారంగా ఉందామని బూస్టర్ క్లబ్ ఖరీదైనది కొనిస్తే కుర్రాడి అర్హతకే చిక్కు రావొచ్చు. కొనేముందు అథ్లెటిక్ డైరెక్టర్‌ని అడగండి, కోచ్‌లకిచ్చే కానుకల విషయంలోనూ అంతే. మేం చేసింది గోడకి ఒక పెద్ద చెక్క పలక, దాని మీద ఏడాదికొక చిన్న ఇత్తడి రేకు. ఆఫెన్స్, డిఫెన్స్, స్పెషల్ టీమ్స్, స్కౌట్ టీమ్ అని నాలుగు పేర్లు. అది జట్టు బట్టలు మార్చుకునే ఫీల్డ్ హౌస్‌లోనే ఉంటుంది. ఏటా రేకు చెక్కించే ఖర్చు తప్ప ఏం లేదు. స్కౌట్ టీమ్ అవార్డుకి వచ్చే చప్పట్లు ఎంవీపీకి (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) రావు.

అలంకరణ మీద ఒక్క పేరా చాలు. బెలూన్ ఆర్చి పంపు చేయడానికి నలుగురు తల్లులకి మధ్యాహ్నమంతా పోయింది, ఫొటోల్లో అది వెనక మసకగా ఉంది. అద్దె ఫొటో బూత్ దగ్గర లైను భోజనం లైనుని అడ్డుకుంది. బల్లల మీద పాత గేమ్ ప్రోగ్రాములు, ప్రతి సీనియర్ చిన్నప్పటి ఫొటో ఒకటి, అవి చాలు. మా ఆవిడ మాత్రం స్కూలు రంగుల టేబుల్ క్లాతుల విషయంలో నాతో ఏకీభవించదు. అవి ఉతికి వాడుకునేవి కాబట్టి నేను కూడా పోట్లాడలేదు.

సామానంతా మూతలున్న రెండు డబ్బాల్లో, రోస్టర్లు వాటి అట్టపెట్టెల్లో, క్లబ్ స్టోరేజీలో ఉంటాయి. రెజ్లింగ్, బేస్‌బాల్ వాళ్ళు కూడా తీసుకెళ్తారు. తిరిగిచ్చేటప్పుడు గిన్నెలు కడిగి, బ్యాటరీలు తీసేసి ఇవ్వాలని డబ్బా మూత మీదే రాసి పెట్టాం. ఈసారి మైకు రిసీవర్ యాంటెన్నా ఒకటి వదులై వచ్చింది. బేస్‌బాల్ వాళ్ళు అడిగేలోపు బాగుచేయించాలి.