యానిమల్ కింగ్‌డమ్: పిల్లలతో, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్ల కోసం ఒక సమీక్ష

ఫ్లోరిడాలో ఆర్లాండో దగ్గర డిస్నీకి నాలుగు పార్కులున్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఒక్క పార్కుకే టికెట్ కొనాలి అంటే నా ఓటు మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కాదు, యానిమల్ కింగ్‌డమ్‌కే. ఎండాకాలంలో, క్రిస్మస్ రద్దీలో, జోరువానలో ఏళ్ల తరబడి తిరిగాక కూడా ఈ మాట మారలేదు. అయితే ఇది పొద్దున్నే వెళ్లాల్సిన పార్కు. పదకొండింటికి తీరిగ్గా లోపలికి అడుగుపెడితే దొరికేవి ఎండ, క్యూలు, పడుకున్న సింహాలు. "అక్కడేముంది, సగం పూటలో అయిపోతుంది" అని చెప్పేవాళ్లలో ఎక్కువమంది అలా ఆలస్యంగా వెళ్లినవాళ్లే.

ఈ పార్కు 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం రోజున తెరిచారు. విస్తీర్ణంలో డిస్నీ థీమ్ పార్కులన్నిటిలోకీ ఇదే పెద్దది. జంతువులున్నాయి కాబట్టి ఇక్కడ రాత్రి బాణసంచా ఉండదు, మూసే వేళ కూడా మిగతా పార్కులకంటే ముందే. తెరిచేది మాత్రం చాలా రోజుల్లో ఎనిమిదింటికే. రోజును ప్లాన్ చేసుకునేటప్పుడు ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకోవాలి.

టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది. నాలుగు పార్కుల్లో ఒక్కరోజు టికెట్ చవకగా దొరికేది ఇక్కడే. రద్దీ లేని రోజుల్లో 119 డాలర్ల దగ్గర మొదలవుతుంది, పన్ను అదనం. మూడేళ్లు నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు. పదేళ్లు నిండితే పెద్దల టికెట్టే. వయసు పైబడినవాళ్లకి తగ్గింపు ఏమీ లేదు, అమ్మానాన్నలకి పూర్తి ధర లెక్కేసుకోవాలి. థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా వీలైతే మానుకోండి. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా, మళ్లీ సెప్టెంబరులో జనం పలచగా ఉంటారు. సెప్టెంబరులో ఎండా వానా రెండూ గట్టిగానే ఉంటాయి, దానికి సిద్ధపడి వెళ్లాలి.

పెద్ద పిల్లలున్నవాళ్లకి పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ముందు సఫారీయా, అవతార్ సినిమా లోకంలా కట్టిన పండోరాయా? పండోరాలోని అవతార్ ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌కి 44 అంగుళాల ఎత్తు, అంటే 112 సెంటీమీటర్లు ఉండాలి. ఇంట్లో అందరూ అంత ఎత్తున్నవాళ్లయితే తెరిచే వేళకి అరగంట ముందే గేటు దగ్గరుండి, నేరుగా అక్కడికి నడవండి. తెరిచిన గంటలోపే ఆ క్యూ గంట, గంటన్నర దాటిపోతుంది. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకి రోజూ అరగంట ముందు ప్రవేశం ఉంటుంది. ఆ అరగంటలో సఫారీ నడవదు కాబట్టి దాన్ని పండోరాకే వాడుకోవాలి. చిన్నపిల్లలే ఉన్నవాళ్లు పండోరాను పక్కనబెట్టి సఫారీకి వెళ్లిపోండి. నావీ రివర్ జర్నీకి ఎత్తు నిబంధన లేదు. చీకట్లో మెరిసే అడవిలోంచి మెల్లగా సాగే పడవ ప్రయాణం, పసిపిల్లలకీ అమ్మమ్మలకీ ఇద్దరికీ నచ్చుతుంది. కానీ అది అయిదు నిమిషాల్లోపు అయిపోతుంది, దానికోసం గంటసేపు నిలబడడం దండగ.

ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌లో మోటారుబైకు మీద కూర్చున్నట్టు ముందుకు వంగి కూర్చోవాలి. వెనక నుంచి నడుముకి ఒకటి, పిక్కలకి ఒకటి పట్టీలు బిగుసుకుంటాయి. పిక్కలు లావుగా ఉన్నవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇబ్బంది వచ్చేది అక్కడే. బయట నమూనా సీటు పెట్టారు, క్యూలోకి వెళ్లకముందే అందులో కూర్చుని చూసుకుంటే గంటసేపు నిలబడి వెనక్కి రావాల్సిన అవస్థ తప్పుతుంది. తల తిరిగే అలవాటున్నవాళ్లు కడుపు నిండా తిని ఎక్కకండి. తల తిరుగుతున్నట్టనిపిస్తే రైడ్‌లో ఇచ్చే త్రీడీ కళ్లద్దాల వెనక కళ్లు మూసుకుంటే కాస్త కుదుటపడొచ్చు.

డబ్బు కట్టి క్యూ తప్పించుకునే లైట్నింగ్ లేన్ రెండు రకాలు. మల్టీ పాస్‌లో మూడు రైడ్‌లు ముందే ఎంచుకుని, ఒకటి వాడాక ఇంకొకటి తీసుకోవచ్చు. ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ అందులో కలవదు, దానికి సింగిల్ పాస్ విడిగా కొనాలి. డిస్నీ హోటల్లో ఉన్నవాళ్లకి ఏడు రోజుల ముందు నుంచి, మిగతావాళ్లకి మూడు రోజుల ముందు నుంచి, తూర్పు తీరం టైము ప్రకారం పొద్దున ఏడింటికి డిస్నీ యాప్‌లో ఈ పాస్‌ల బుకింగులు తెరుచుకుంటాయి. అంటే డాలస్‌లో ఆరు, కాలిఫోర్నియాలో తెల్లవారుజాము నాలుగు. నన్నడిగితే మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్లేవాళ్లకి ఇక్కడ మల్టీ పాస్ అవసరం లేదు, ఆ డబ్బు మ్యాజిక్ కింగ్‌డమ్ రోజుకి దాచుకోండి. క్రిస్మస్ వారం అయితే కొనక తప్పదు.

ఇక కిలిమంజారో సఫారీ. ఈ పార్కుకి ప్రాణం ఇదే. తెరిచి ఉన్న పెద్ద ట్రక్కులో, దాదాపు 110 ఎకరాల మైదానంలో, ఇరవై నిమిషాల ప్రయాణం. జిరాఫీలు, ఏనుగులు, ఖడ్గమృగాలు, నీటిగుర్రాలు, మొసళ్లు, చీతాలు, సింహాలు. కంచెలు కనిపించవు, వేటాడే జంతువులకీ మిగతావాటికీ మధ్య లోతైన కందకాలు తవ్వి, వాటిని గడ్డి, రాళ్ల చాటున దాచారు. జిరాఫీలు అప్పుడప్పుడూ దారికి అడ్డంగా వచ్చి నిలబడతాయి. అప్పుడు ట్రక్కు ఆగిపోతుంది, అది కదిలేదాకా అందరూ ఎదురుచూడాల్సిందే. పిల్లలకి ఏళ్లపాటు గుర్తుండేది అలాంటి రెండు నిమిషాలే.

పొద్దున మొదటి గంటలో జంతువులు చురుగ్గా ఉంటాయి. ఎండ ఎక్కాక నీడ వెతుక్కుని పడుకుంటాయి. సింహం రోజులో పదహారు గంటలకు పైనే పడుకునే జంతువు, మధ్యాహ్నం దాని తోక తప్ప కనబడలేదని బాధపడి లాభం లేదు. సాయంత్రం మూసే ముందు మళ్లీ కదలిక మొదలవుతుంది. అందుకే వీలైతే రెండుసార్లు ఎక్కండి, రెండు ప్రయాణాలూ ఒకేలా ఉండవు. వరసలో చివరి సీటు ఫోటోలకి మంచిది. జంతువులు రెండు వైపులా వస్తాయి కాబట్టి ఏ చివరైనా ఒకటే. ట్రక్కు వెనక వరసల్లో కుదుపు ఎక్కువ, నడుము నొప్పి ఉన్నవాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టమని అడగండి. గర్భిణులు ఈ ప్రయాణం మానేయడమే మంచిది. చక్రాల కుర్చీలోంచి దిగకుండానే ఎక్కగలిగే ట్రక్కులున్నాయి, బ్యాటరీ స్కూటర్ మీద వచ్చినవాళ్లు మాత్రం మామూలు చక్రాల కుర్చీలోకి మారాలి.

సఫారీ దిగిన చోటే గొరిల్లా ఫాల్స్ నడక దారి మొదలవుతుంది. జనం దాన్ని దాటేసి తర్వాతి రైడ్‌కి పరుగెత్తుతారు, అది పొరపాటు. నీటిగుర్రాలని అద్దం గుండా నీళ్ల అడుగున చూసేది అక్కడే. పొద్దున పూట గొరిల్లా కుటుంబం అద్దానికి దగ్గరగా వచ్చే అవకాశం ఎక్కువ. పార్కులో ఆసియా అనే భాగంలో ఉన్న మహారాజా జంగిల్ ట్రెక్ అమ్మానాన్నలకి ఇంకా బాగా నచ్చుతుంది. పాడుబడిన కోట గోడలు, మెట్ల బావి లాంటి కట్టడాలు, వాటి మధ్య పులులు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింకని పిల్లలకి చూపించగల చోటు కూడా ఇదే. గబ్బిలాలంటే భయపడేవాళ్లు ఆ గది లోపలికి వెళ్లకుండా పక్కదారిలో దాటిపోవచ్చు. ఈ రెండు దారులకీ తలా ముప్పావుగంట ఇవ్వండి.

ఎత్తు చూసుకోవాల్సిన రైడ్‌లు ఇంకా రెండున్నాయి. ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌కి కూడా 44 అంగుళాలే. దాదాపు 200 అడుగుల కొండలోంచి గంటకి 50 మైళ్ల వేగం, మధ్యలో చీకట్లో వెనక్కి ప్రయాణం. విడిగా కూర్చోడానికి ఒప్పుకుంటే సింగిల్ రైడర్ క్యూలో చాలా తొందరగా అయిపోతుంది, పదేళ్లు దాటిన పిల్లలున్నవాళ్లకి అదే మంచి దారి. కాళీ రివర్ ర్యాపిడ్స్‌కి 38 అంగుళాలు. దీంట్లో తడుస్తారేమో అన్న అనుమానం అక్కర్లేదు, నిలువునా తడుస్తారు. బూట్లు తడిస్తే మిగతా రోజంతా కాళ్లు బొబ్బలెక్కుతాయి కాబట్టి ఆ రోజుకి పట్టీల చెప్పులు వేసుకోండి, ఫోన్లకి జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి పెట్టుకోండి. చలికాలంలో మరమ్మతులకని దీన్ని మూసేస్తుంటారు, ఆశపెట్టే ముందు యాప్‌లో చూడండి. చిన్నపిల్ల ఎత్తు సరిపోకపోతే క్యూ మొదట్లోనే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు ఎక్కి వచ్చాక, పిల్లతో కూర్చున్నవాళ్లు మళ్లీ మొత్తం క్యూలో నిలబడకుండా వెళ్లొచ్చు. ముందు చెప్పకుండా, దిగివచ్చాక అడిగితే కుదరదు.

నడక ఎక్కువ, అది దాచిపెట్టాల్సిన సంగతి కాదు. రోజు మొత్తం మీద ఎనిమిది పది కిలోమీటర్లు సులువుగా అవుతుంది. దారులు సహజంగా కనబడాలని సిమెంటులో ఆకుల అచ్చులు, గిట్టల గుర్తులు వేసి గరుకుగా చేశారు, ఎత్తుపల్లాలూ ఉన్నాయి. ఇండియాలో రోజూ వాకింగ్ చేసే నాన్నగారు కూడా రెండింటికల్లా అలిసిపోతారు. చక్రాల కుర్చీ అద్దెకి తీసుకోడానికి మొహమాటపడే పెద్దవాళ్లని పొద్దున్నే ఒప్పించండి, మధ్యాహ్నానికి అవి అయిపోవచ్చు. పిల్లల తోపుడు బండి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదు, నాలుగు చక్రాల వ్యాగన్లు అసలు రానివ్వరు. బండిని రైడ్ బయట వదిలి వెళ్తే అక్కడి సిబ్బంది సర్ది వేరే చోట పెడతారు. పోయిందని కంగారు పడకుండా, దూరం నుంచి కనబడేలా ఒక రంగు గుడ్డ కట్టుకోండి, పైన వాన కవరు కప్పి వెళ్లండి.

తిండి సంగతి మనవాళ్లకి ముఖ్యం. బయటి తిండి లోపలికి తెచ్చుకోనిస్తారు. గాజు సీసాలు, విడి ఐసు కుదరవు, గడ్డకట్టించిన ఐస్ ప్యాకులు పెట్టుకోవచ్చు. పులిహోర ఎండకి తట్టుకుంటుంది. పెరుగన్నం తెస్తే ఐస్ ప్యాక్ ఉన్న సంచిలోనే ఉంచండి, ఫ్లోరిడా వేడికి రెండు గంటల్లో పులిసిపోతుంది. చల్లటి నీళ్లు కౌంటర్ హోటళ్లలో అడిగితే ఊరికే ఇస్తారు, సీసాలు కొనకండి. జంతువుల క్షేమం కోసం ఇక్కడ ప్లాస్టిక్ స్ట్రాలు, మూతలు ఇవ్వరు, చిన్నపిల్లలకి మూత ఉన్న సొంత గ్లాసు తెచ్చుకోవాలి. పసిపిల్లల పప్పన్నం వేడి చేసుకోడానికి పార్కు మధ్యభాగమైన డిస్కవరీ ఐలాండ్‌లోని బేబీ కేర్ సెంటర్లో మైక్రోవేవ్ ఉంది, పాలివ్వడానికి చాటు గదులూ ఉన్నాయి.

లోపల కొనుక్కోవాలంటే పండోరాలోని సతూలీ క్యాంటీన్ శాకాహారులకి నమ్మకమైన చోటు. కారంగా వేయించిన టోఫూ, కింద అన్నమో నూడుల్సో, పైన మనకి నచ్చిన సాస్. పన్నెండింటికి వెళ్లి ఆర్డర్ పెడితే చాలాసేపు పడుతుంది, పదిన్నరకే యాప్‌లో పదకొండున్నర సమయానికి పెట్టేసుకోండి. గుడ్డు కూడా తిననివాళ్లు, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు కౌంటర్లో చెఫ్‌ని పిలవమంటే వచ్చి ఏది తినొచ్చో ఓపిగ్గా చెప్తారు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎండ మండిపోతుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానలు కూడా ఆ వేళకే వస్తాయి. దగ్గర్లో మెరుపులుంటే సఫారీ, ఎవరెస్ట్, కాళీ మూడూ ఆపేస్తారు. ఆ సమయాన్ని ఏసీ హాళ్లకి దాచుకోవాలి. అరగంటసేపు సాగే ఫెస్టివల్ ఆఫ్ ది లయన్ కింగ్ వాటిలో మేటి. భాష తెలియని అమ్మమ్మలు కూడా చప్పట్లు కొడుతూ చూస్తారు. రద్దీ రోజుల్లో అరగంట ముందు వెళ్లాలి. ఫైండింగ్ నీమో ఇంకొకటి. ట్రీ ఆఫ్ లైఫ్ కింది థియేటర్లో 2025 నవంబరు నుంచి జూటోపియా ప్రదర్శన నడుస్తోంది. ఆ చెట్టు 145 అడుగుల ఎత్తు, కాండం మీద 300కి పైగా జంతువులు చెక్కి ఉన్నాయి. లోపలికి వెళ్లే దారిలో ఒక్కో జంతువునీ పిల్లల చేత వెతికిస్తే వాళ్లకి కాలం తెలియదు. వైల్డర్‌నెస్ ఎక్స్‌ప్లోరర్స్ పుస్తకం కూడా ఊరికే ఇస్తారు, అక్కడక్కడా చిన్న ప్రశ్నలకి జవాబు చెప్పి స్టిక్కర్లు గెలుచుకోవడం ఆరేళ్ల నుంచి పదేళ్ల పిల్లలకి రైడ్‌లంత ఇష్టం.

పెద్దవాళ్లతో వెళ్తే నేను గట్టిగా చెప్పే ప్లాన్ ఇంకొకటుంది. ఒంటిగంటకల్లా పార్కు వదిలి, కారులో కొద్ది నిమిషాల దూరంలో ఉన్న యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా రెస్టారెంటుకి వెళ్లండి. దానికి పార్కు టికెట్ అక్కర్లేదు, 60 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. అక్కడి బ్రెడ్ సర్వీస్‌లో నాన్‌లు, కుల్చా, పనీర్ పరాఠా లాంటి అయిదు రొట్టెలు, నంజుకోడానికి రైతా, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి ఊరగాయతో కలిపి తొమ్మిది రకాలు వస్తాయి. ఇద్దరికి ఒకటి సరిపోతుంది. కిటికీ అవతల మైదానంలో జీబ్రాలు, జిరాఫీలు మేస్తుంటాయి. భోజనం అయ్యాక బయట కుర్చీల్లో గంటసేపు కూర్చుంటే అమ్మానాన్నల కాళ్లు తేరుకుంటాయి. ఓపిక ఉన్నవాళ్లు నాలుగున్నరకి మళ్లీ పార్కులోకి వచ్చి రెండో సఫారీ చేసుకోవచ్చు. ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ పొద్దున తప్పిపోతే మూసే వేళకి పది నిమిషాల ముందు క్యూలోకి వెళ్లండి. ఆ వేళకి లోపలున్న అందరినీ ఎక్కిస్తారు.

లోటు లేదని కాదు. రైడ్‌లు తక్కువ, అందులోనూ డైనోల్యాండ్ భాగాన్ని 2026 ఫిబ్రవరిలో పూర్తిగా మూసేసి, ఆ చోట ట్రాపికల్ అమెరికాస్ కడుతున్నారు, 2027లో తెరుస్తామన్నారు. పదిహేనేళ్ల పిల్లలు రైడ్‌ల కోసమే వస్తామంటే అప్పటిదాకా ఆగడం మేలు. నాలుగు నుంచి పదేళ్ల లోపు పిల్లలు, వీసా గడువు దగ్గరపడుతున్న అమ్మానాన్నలు ఉన్నవాళ్లు మాత్రం ఆగకండి, వాళ్లకి కావలసినవన్నీ ఇప్పుడే అక్కడున్నాయి.