ట్రేసింగా, చూసి గీయడమా: బొమ్మలు నేర్చుకోడానికి ఏది మేలు?

బటర్ పేపర్ పెట్టి ఇంకొకరి బొమ్మ దించితే చేతికి వణుకు తగ్గుతుంది. బాపు గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడిందో దాని వెంబడి పెన్సిల్ నడిపితే కొంత తెలిసొస్తుంది కూడా. అయితే ముక్కుకీ చెవికీ నడుమ ఎంత జాగా వదలాలి, మెడ ఎంత వంచాలి అన్న లెక్కలన్నీ ఆయన ముందే తేల్చేశారు. మన కంటికి పనే లేదు. నేర్చుకోవాల్సింది ఆ లెక్కే గదా!

చూసి గీస్తే మొదట్లో బొమ్మలు వికారంగానే వస్తాయి. కానీ అసలు బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా కొట్టిందో దొరుకుతుంది. ఉమ్మడి అనంతపురం వాళ్లకి ఇందుకు లేపాక్షిని మించిన బడి లేదు. వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలున్నాయి. వాటిమీద బటర్ పేపర్ పరచలేం. తలెత్తి చూడాలి, తల దించి గీయాలి, ఆ కాసేపూ బొమ్మని మనసులో పట్టుకోవాలి. పక్కకు తిరిగిన ముఖాలు, కోసుగా ఉండే ముక్కులు, పొడుగాటి కుళ్ళాయిలు, రకరకాల చీరల అంచులు. రంగులు చాలాచోట్ల మాసిపోయినా గీత మాత్రం గట్టిగా నిలబడింది. గంటసేపు గీస్తే మెడ పట్టేస్తుంది, అది వేరే సంగతి.

అట్లని ట్రేసింగ్ దొంగపనేం కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. వెలుతురు దూరేంత పలచన చేసిన మేకతోలు కింద నమూనా పెడితే గీత పైకి కనిపిస్తుంది. రాముడు ప్రతిసారీ రాముడిలాగే ఉండాలంటే అట్లా దించుకోవడంలో తప్పేముంది? కాకపోతే అది పని సాగే పద్ధతి. ఆ నమూనా మొదట గీసిన చెయ్యి వేరేగా నేర్చుకుని ఉంటుంది.

అసలు బొమ్మ మీదా, మనం గీసే చోటా అన్నే గళ్ళు కొట్టి, గడికి గడి చూసి గీయడం ఈ రెంటికీ మధ్యస్థం. గోడమీద పెద్ద బొమ్మ వేయాలంటే బాగా పనికొస్తుంది, రోజూ అదే పట్టుకుంటే గడి లేకుండా చెయ్యి కదలదు.

నన్నడిగితే చూసి గీయడానికే నా ఓటు. బటర్ పేపర్ పారేయమనను గానీ, దాన్ని చివర్లో బయటికి తీయండి. ముందు చూసి గీసి, ఆ తర్వాత అసలు బొమ్మని అదే సైజులో దించి మీ బొమ్మ మీద పరచండి. కన్ను కిందికి జారిందా, గడ్డం పొడుగైందా ఇట్టే తేలిపోతుంది. తేడా వచ్చిన చోట ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, మర్నాడు అదే బొమ్మ మళ్ళీ చూసి గీయండి.