మా ఊరి టీకాల సెంటర్ (కనిగిరి సైడు) - 5కి 4 స్టార్లు

మా పాపకి తొమ్మిదో నెల టీకాలు మొన్న శనివారం వేయించుకొచ్చాం, సర్కారు దవాఖానాల మీద రివ్యూ రాసేవాళ్ళు తక్కువ కదా, అందుకే రాస్తున్నా, కాస్త పొడుగైద్ది ఏమనుకోబాకండి.

ముందు పాత కత చెప్పాలి. నేను పుట్టింట్లో ఉన్నప్పుడు వేరే సెంటర్‌కి పొయ్యేదాన్ని, పేరెందుకులే. బీసీజీకి (టీబీ రాకుండా వేసే టీకా) పోతే "ఇంకా పిల్లలు రావాలమ్మా, ఒక్కరి కోసం సీసా తెరిస్తే మిగతాది వేస్టు, వచ్చే వారం రా" అని రెండు సార్లు తిప్పి పంపారు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాల్సిందే, అదీ రూలు. నాకీ సంగతి ఇక్కడికి వచ్చినాకే తెలిసింది.

ఇక్కడ అంగన్‌వాడీలోనే వేస్తారు. టీకాలు వేసే ఏఎన్ఎం సిస్టర్, ఇల్లిల్లూ తిరిగే ఆశా అక్క, అంగన్‌వాడీ టీచరు, ముగ్గురే. మేం పదింటికి పొయ్యేసరికి ఐస్ ప్యాకులు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్ నీడలో ఉంది, మూత వేసే ఉంది. సిస్టర్ ఆశా అక్కని అడగతా ఉంది, "అక్కా, బ్యారన్ల కాడికి పొయ్యినోళ్ళు ఎన్నింటికి వస్తారు?" అని. బ్యారన్లంటే పొగాకు ఆకుని వేడికి ఆరబెట్టే కొట్లు, ఇప్పుడు పొగాకు సీజన్ కదా, సగం మంది తల్లులు ఆడే ఉంటారు. అక్క వేళ్ళ మీద లెక్కేసి, "పన్నెండుకి ముగ్గురు వస్తారు మేడం, ఇంకో ఇద్దరు రెండు దాటాక" అంది. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) సీసా ఒకసారి కలిపితే నాలుగు గంటల్లోపు వాడెయ్యాలంట, లేకుంటే పారెయ్యాల్సిందే. మా పాప ముందే వచ్చింది కాబట్టి ఆపకుండా తెరిచి వేసేసింది, తెరిచిన టైం సీసా మీద రాసింది. రెండు దాటాక వచ్చే వాళ్ళకి అవసరమైతే ఇంకో సీసా తెరుద్దాంలే అంది. జీతం, హోదా చూస్తే అక్కే అందరికంటే కింద, కానీ ఊరి సంగతి అక్కకే తెలుసని సిస్టర్ ఆమెనే అడిగింది, నాకు బాగా నచ్చింది ఇదే.

ఇంకొకటి. పాపకి కుడి చేతికి ఎంఆర్, ఎడం చేతికి పోలియో ఇంజెక్షను, తొడకి పీసీవీ (న్యుమోనియా టీకా) బూస్టర్, మూడు గుచ్చేసరికి పాప ఆకాశం అందుకుంది ఏడుపుతో, ఆ హడావిడిలో సిస్టర్ "పొయ్యి అరగంట కూచోమ్మా" అనేసింది. వెంటనే ఆశా అక్క, "మేడం, విటమిన్ ఏ వెయ్యలా" అంది. సిస్టర్ నవ్వి "అయ్యో అవును, మంచి పని చేశావక్కా" అని స్పూనుతో ఒక మిల్లీ సిరప్ పోసింది. మా పాత సెంటర్లో ఇట్టా గుర్తుచేసుంటే "నాకు నేర్పిస్తావా" అనేవాళ్ళు, నేను కళ్ళారా చూశా. అట్టా తిట్లు తిన్నోళ్ళు తర్వాత నోరు విప్పుతారా చెప్పండి.

పన్నెండు ఆ టైంలో పీహెచ్‌సీ డాక్టర్ గారు కూడా వచ్చారు. ఆయమ్మ రాగానే అడిగింది రాని పిల్లల పేర్లు. ఒక ఇంట్లో పోయినసారి పెంటా (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా) వేసినాక జొరం వచ్చిందని నాయనమ్మ వద్దంటా ఉందంట, డాక్టరమ్మ ఆశా అక్కని వెంటబెట్టుకుని ఆ ఇంటికి నడిచే పొయ్యింది. వాళ్ళు ఒప్పుకున్నారో లేదో నేను చూళ్ళేదు, మేం అప్పటికే బయల్దేరాం.

ఇక మైనస్‌లు. అరగంట కూచోమంటారు గానీ కుర్చీలు మూడే, తల్లులు మెట్ల మీద కూచున్నారు. తాగే నీళ్ళు లేవు, మా సైడు బోరు నీళ్ళ ఫ్లోరైడు సంగతి తెలిసిందే కదా, క్యాన్ నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఫోన్లో యూ-విన్ (టీకాల వివరాలు ఎక్కించే సర్కారు యాప్) ఎంట్రీ చెయ్యడానికి సిగ్నల్ లేక అంగన్‌వాడీ టీచర్ చెట్టు కిందకీ రోడ్డు మీదకీ తిరగతానే ఉంది పాపం. ఒక స్టార్ తీసింది వీటికే, ఆ ముగ్గురికి కాదు.

వెళ్ళేవాళ్ళు కార్డు మర్చిపోబాకండి, పాపకి వదులు చొక్కా వెయ్యండి, జొరానికి సిరప్ ఎంత పొయ్యాలో సిస్టర్‌నే అడగండి, ఓపిగ్గా చెప్పుద్ది. ఎంఆర్ రెండో డోసు పదహారో నెల దాటాకంట, ఆ తేదీ ఆశా అక్క తన నోట్‌బుక్‌లో అప్పుడే రాసేసుకుంది.