కోవళం అలలకు ఏ బోర్డు? నాలుగేళ్లు వాడాక నా అనుభవం

మా ఇంట్లో మూడు సర్ఫ్‌బోర్డులున్నాయి, అంటే అలల మీద నిలబడి జారే పలకలు. ముందు కొన్నది 6 అడుగుల 2 అంగుళాల షార్ట్‌బోర్డు. చూడముచ్చటగా ఉంది, మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పడుతుంది, అంతే, కొనేశాను. చెన్నై తిరువాన్మియూరులో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఈస్ట్ కోస్ట్ రోడ్ మీద చెన్నై దగ్గరి కోవళం (కేరళలోది కాదు) వెళ్లి, బోర్డు మీద బోర్లా పడుకుని భుజాలు పడిపోయేలా చేతులతో ప్యాడిల్ చేసి, ఒక్క అల కూడా దొరక్క వెనక్కి వచ్చిన రోజులు ఆ ఏడాది చాలా ఉన్నాయి.

నా బరువు 74 కిలోలు. ఆ బోర్డు వాల్యూమ్, అంటే ఘనపరిమాణం, 32 లీటర్లు. కొనేటప్పుడు నేను చూడాల్సింది ఈ అంకెనే. లీటర్లు తక్కువైతే బోర్డు మన కింద సగం మునిగి ఉంటుంది, వేగం రాదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ ఎక్కువగా మోకాలెత్తు, నడుమెత్తు మెత్తటి అలలే. మనం వేగం అందుకునేలోపు అవి మన కిందనుంచి జారుకుంటాయి.

రెండో ఏడు 8 అడుగుల ఫోమ్ బోర్డు తీసుకున్నాను. దాదాపు 80 లీటర్లు. మొదటి ఉదయమే అదే తీరంలో ఏడు అలలు పట్టాను. ఏడో అల మీద ఇసుక దాకా వచ్చాక బోర్డు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, ఇదే కొనండి.

దానికీ లోపాలున్నాయి. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం కారు మీద కట్టి ఎండలో వదిలేశాను. సాయంత్రానికి అడుగున ప్లాస్టిక్ పొర పూరీలా పొంగింది. ఇప్పటికీ అక్కడ చెయ్యి పెట్టి నొక్కితే లోపల గాలి కదులుతుంది. రెండోది, నిటారుగా లేచే అలకు ఇది పనికిరాదు. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి, దిగేటప్పుడు ముక్కు నీళ్లలో గుచ్చుకుని మనిషిని ముందుకు విసిరేస్తుంది. షార్ట్‌బోర్డు ముక్కు పైకి వంగి ఉండేది అందుకే.

మే నుంచి సెప్టెంబరు వరకు దక్షిణం నుంచి మంచి అలలు వస్తాయి. పొద్దున్నే నేల మీది గాలి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి అల ముఖం నున్నగా ఉంటుంది. ఆ నెలల్లో ఛాతీ ఎత్తు అలకు నా మూడో బోర్డు, 7 అడుగుల 2 అంగుళాల మిడ్‌లెంగ్త్ (మధ్యస్థ పొడవుది), సరిగ్గా సరిపోయింది. తేలిగ్గా అల అందుకుంటుంది, మలుపుకీ లొంగుతుంది. మూడింటిలో ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. మధ్యాహ్నానికి గాలి తిరగబడి సముద్రం చెదిరిపోతుంది, అప్పుడు ఏ బోర్డు తెచ్చినా ఒకటే.

ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అలలు పెద్దవే కానీ గజిబిజిగా ఉంటాయి, ప్రవాహం పక్కకు లాగేస్తుంది. జాలర్లు పడవ దించని రోజు నేనూ బోర్డు దించను.

లీష్ విషయంలో, అంటే బోర్డును కాలికి కట్టే తాడు విషయంలో, పొదుపు చేయకండి. దాని పొడవు బోర్డంత ఉండాలి. ఉప్పునీళ్లకు తిరిగే కీలు తుప్పు పడుతుంది, ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. నాది ఒకసారి అలల మధ్యలో తెగింది, ఒడ్డు దాకా ఈదుకుంటూ రావాల్సి వచ్చింది.

షార్ట్‌బోర్డు అమ్మలేదు. నా మడమ ఆనే చోట రెండు చిన్న గుంటలు పడ్డాయి. మహాబలిపురం వైపు అల బలంగా లేచే ఉదయాల్లో ఇప్పుడది నాకు లొంగుతోంది. పోయిన జూన్, జూలై రెండు నెలల్లో పదకొండు రోజులు బయటకు తీశాను. అంతకుముందు రెండేళ్లలో కలిపినా అన్ని రోజులు తీయలేదు.