80 వాట్ల లేజర్‌తో నాలుగేళ్లు: అక్రిలిక్ శుభ్రంగా రావాలంటే

ఖమ్మంలో మాది నేమ్‌ప్లేట్లు, షీల్డులు చేసే చిన్న షాపు. నాలుగేళ్ల కిందట 80 వాట్ల సీవో2 (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో కిరణం పుట్టించే) లేజర్ మెషిన్ కొన్నాను. బెడ్ 900 బై 600 మిల్లీమీటర్లు, కిరణం పుట్టే గాజు ట్యూబ్, మెషిన్‌ను నడిపే రూయిడా కంట్రోలర్. రోజుకు నాలుగైదు గంటలు నడుస్తుంది, ట్యూబ్ ఒకసారి మార్చాను. పనిలో ముప్పాతిక వంతు అక్రిలిక్కే, అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్ షీటు. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నాను, కొనండి. కాకపోతే అంచు అద్దంలా రావడం, అక్షరం పాలలా తెల్లగా పడటం సగమే మెషిన్ చేతిలో ఉంది. మిగతా సగం షీటుది.

షీట్లలో కాస్ట్, ఎక్స్‌ట్రూడెడ్ అని రెండు రకాలు. చూడటానికి తేడా తెలియదు. కాస్ట్ షీటును గాజు పలకల మధ్య పోసి గట్టిపడనిస్తారు, ఎక్స్‌ట్రూడెడ్‌ను కరిగించి రోలర్ల మధ్య నుంచి లాగుతారు. లేజర్ తగిలాకే దాని గుణం బయటపడుతుంది. కాస్ట్ మీద ఎన్‌గ్రేవింగ్ (పైపైన చెక్కడం) ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా వస్తుంది. అదే సెట్టింగ్‌తో ఎక్స్‌ట్రూడెడ్ మీద చేస్తే కరిగి జిగురు రాసినట్టుంటుంది, అక్షరం ఉందా లేదా అని వెతుక్కోవాలి. కటింగ్‌లో మాత్రం ఎక్స్‌ట్రూడెడ్ త్వరగా తెగుతుంది, అంచు బాగా మెరుస్తుంది, ధర కూడా తక్కువ. కటౌట్ అక్షరాలకు అది వాడతాను. ఎన్‌గ్రేవింగ్ ఉన్న పనికి అసలు ముట్టుకోను.

ఇది నాకు రెండో ఏడాది బాగా తెలిసొచ్చింది. ఒక స్కూల్ వార్షికోత్సవానికి 120 మెమెంటోలు ఒప్పుకున్నాం. షీట్లు అమ్మేవాళ్లు కాస్ట్ అని బిల్లు వేసి ఎక్స్‌ట్రూడెడ్ పంపారు. రాత్రి పదకొండింటికి మొదటి ముక్క మీద పేరు పడ్డాక గానీ సంగతి తెలియలేదు. అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు. తెల్లారితే ఫంక్షన్, వేరే షీటు తెప్పించే టైం లేదు. చివరికి పైనున్న మాస్కింగ్ కాగితం తీయకుండానే ఎన్‌గ్రేవ్ చేసి, ఆ గాడుల్లో తెల్ల పెయింట్ స్ప్రే చేసి, ఆరాక కాగితం ఒలిచాం. పేర్లు చక్కగా కనిపించాయి, మాట దక్కింది. అప్పటి నుంచి ఏ కొత్త షీటు వచ్చినా మూలన రెండు సెంటీమీటర్ల గడి ఎన్‌గ్రేవ్ చేసి చూడందే పని మొదలుపెట్టను. మందం కూడా క్యాలిపర్స్‌తో కొలుస్తాను. 3 ఎంఎం అని కొన్నది 2.7 ఉన్న రోజులున్నాయి. గాడిలో బిగించే స్టాండులకు ఆ తేడా చాలు, ముక్క ఊగిపోతుంది.

కటింగ్‌కు నా లెక్క ఇది: 3 ఎంఎం షీటుకు 60 శాతం పవర్, సెకనుకు 20 ఎంఎం స్పీడ్. 5 ఎంఎంకు 65 శాతం, స్పీడ్ 10. 10 ఎంఎంకు 70 శాతం, స్పీడ్ 3. మీ ట్యూబ్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. నేను నేర్చుకోవడానికి ఏడాది పట్టింది మాత్రం గాలి విషయం. మొదట్లో కోసే చోట నాజిల్‌లోంచి తగిలే కంప్రెసర్ గాలి మొత్తం తెరిచి కోసేవాణ్ణి. అంచంతా నిలువు గీతలు పడి మసకగా వచ్చేది. లేజర్ వేడికి అక్రిలిక్ కాలి బొగ్గవదు, ఆవిరై పోతుంది. ఆ దారిలో మిగిలిన పల్చటి కరుగు తనంతట తాను సర్దుకుంటేనే నునుపు. గట్టిగా గాలి కొడితే అది సర్దుకోకముందే గడ్డకట్టేస్తుంది. అలాగని గాలి పూర్తిగా ఆపితే ఆవిరి భగ్గున అంటుకుంటుంది. నాజిల్ కింద పసుపు మంట కనిపించేదాకా వాల్వు తగ్గించి, మంట ఆరేంత మటుకే మళ్లీ తెరుస్తాను. అక్కడ అంచు గాజులా వస్తుంది. మెషిన్ నడుస్తుండగా ఒక్క నిమిషం కూడా పక్కకు వెళ్లను. మంట ఆర్పే సిలిండర్ చేతికందేలా ఉంటుంది.

మన అక్షరాలతో వేరే పని ఉంది. తెలుగు లిపి అంతా వంపులే కాబట్టి కిరణం వదిలే హెడ్ ప్రతి మలుపులో నెమ్మదిస్తుంది, అక్కడ వేడి ఎక్కువ తగిలి అంచు కరుగుతుంది. అందుకే హెడ్ నెమ్మదించినప్పుడు వాడే మినిమం పవర్‌ను మాగ్జిమం కంటే పది పాయింట్లు తక్కువ పెడతాను. డిజైన్ చేసే కోరల్‌డ్రాలో అక్షరాలను వెల్డ్ చేయకుండా (ఒకే ఆకారంగా కలపకుండా) పంపితే గీతలు ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట ముక్క మధ్యలోకి కోత పడుతుంది. ఇక ‘శ్రీనివాస’ అని కోస్తే ‘స’ తలకట్టు విడిగా ఊడి వస్తుంది. ‘లక్ష్మి’లో ఒత్తులదీ అదే తంతు. గోడ మీద వాటిని కంటిచూపుతో అతికిస్తే వంకర పోతాయి. అందుకని అక్షరాల ఫైల్‌తోనే ఒక అట్ట కోసి, దాన్ని గోడకు అంటించి, ఆ ఖాళీల్లో ముక్కలు పెడతాం.

కడగడం గురించి ఒక మాట. పొగ మరకలు పోవాలని ఒకసారి స్పిరిట్‌తో 40 ముక్కలు తుడిచాను. గంటలోపే అంచుల నుంచి సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు లేచాయి. అన్నీ మళ్లీ చేశాను. లేజర్ వేడికి అంచులో ఒత్తిడి మిగిలిపోతుంది, స్పిరిట్ తగలగానే అక్కడ చిట్లుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. క్లోరోఫామ్‌తో అతికించాల్సిన ముక్కలను ముందు ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలుంచి నెమ్మదిగా చల్లారనిస్తున్నాం. ఆ తర్వాత పగుళ్లు రాలేదు.

మెషిన్ మీద నా అసలు ఫిర్యాదు ట్యూబ్‌కు చల్లటి నీళ్లు పంపే చిల్లర్. దాంతో పాటు ఇచ్చినది పేరుకే చిల్లర్, లోపల ఫ్యాను, రేడియేటర్ తప్ప ఏమీ లేవు. గది వేడి కంటే నీళ్లు చల్లబడవు. మే నెలలో మా ఊళ్లో గంట నడిస్తే నీళ్లు 40 దాటేవి, ట్యూబ్ డీలాపడి 5 ఎంఎం షీటు అడుగుదాకా తెగేది కాదు. కంప్రెసర్ ఉన్న చిల్లర్ విడిగా కొన్నాకే పని గాడిన పడింది. నీళ్లు 22 డిగ్రీల దగ్గర ఉంచుతాను. వానాకాలంలో అంతకంటే తగ్గిస్తే ట్యూబ్ మీద చెమ్మ పడుతుంది, హైవోల్టేజీ ఉన్న చోట అది ప్రమాదం.

తక్కువ ధరలో దొరికే నీలి రంగు డయోడ్ లేజర్ సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. పారదర్శక అక్రిలిక్‌కు సరిపోదు. ఆ కాంతి కిటికీ అద్దంలోంచి ఎండ పోయినట్టు అవతలికి పోతుంది. సీవో2 లేజర్ కిరణాన్ని (తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు) మాత్రం అక్రిలిక్ తన పైపొరలోనే పట్టేస్తుంది. 1964లో బెల్ ల్యాబ్స్‌లో ఈ లేజర్‌ను కనిపెట్టిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

పీవీసీ ప్లాస్టిక్‌తో చేసే సన్‌బోర్డు తెచ్చి ఇది కూడా కోసిపెట్టమంటారు. ఎంత దగ్గరివాళ్లడిగినా కోయను. దాని పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులకూ మెషిన్ పట్టాలకూ చేటు. ఏ షీటో అనుమానమొస్తే రాగి తీగను ఎర్రగా కాల్చి షీటుకు తాకించి మళ్లీ మంటలో పెడతాను. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే, దాన్ని పక్కన పెట్టేస్తాను.

రేపు ఇంకో మెషిన్ కొన్నా 80 వాట్లదే కొంటాను. 100 వాట్లకు పెట్టే అదనపు డబ్బుతో మంచి చిల్లర్, డాబా దాటి పైకి పోయే ఎగ్జాస్ట్ గొట్టం ముందు బిగిస్తాను.