కొత్త కళాశాలా, ఉన్న ఆసుపత్రిలో డీఎన్‌బీ సీట్లా?

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాలకు వైద్యులను తయారు చేసే సొమ్మును మార్కాపురంలో తలపెట్టిన వైద్య కళాశాలకు పెట్టాలా, నడుస్తున్న ఆసుపత్రులలో డీఎన్‌బీ (ఎంబీబీఎస్ తర్వాత ఆసుపత్రిలోనే పనిచేస్తూ పొందే పీజీ స్థాయి శిక్షణ) సీట్లకా అన్నది తేల్చవలసిన విషయం. కళాశాలకు భవనాలు లేచాక కూడా ఎంబీబీఎస్‌కు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్‌కు ఏడాది పడుతుంది. ఆపై పీజీ కోసం ఊరు విడిచి వెళ్లడం మామూలే. డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్‌కు 3 ఏళ్లు చాలు. పైగా అందులో చేరేవారు అప్పటికే ఎంబీబీఎస్ ముగించినవారు కనుక, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిన రైతునూ, పాము కాటుతో అర్ధరాత్రి వచ్చిన కూలీనీ శిక్షణలో ఉండగానే చూస్తారు. ఖర్చులో పెద్ద భాగం స్టైపెండే. చిక్కల్లా బోధకులతోనే: అర్హులైన సీనియర్ నిపుణులు లేని ఆసుపత్రికి సీట్లు మంజూరు కావు, వారిని ఒంగోలు దాటించి నిలపడం (జీతం పెంచితే చాలదు, పిల్లల చదువులూ చూడాలి) కష్టం. అయినా ముందు నిధులు సీట్లకే ఇవ్వాలి. కళాశాలకైనా రేపు కావలసింది ఆ సీనియర్లే.